మోకు పైకి లాగిన రోజు

పెద్ద కరువు పోయిన రెండో ఏడు, రోహిణి కార్తెలో, శుక్రవారం, పొద్దున పది గంటలకు మా ఊరి పెద్దలు బావిలోకి వేసిన మోకును పైకి లాగేసుకున్నారు. బావి అడుగున మేము ముగ్గురం ఉన్నాం. గడియారం లేని మనిషివి, పది గంటలని ఎట్లా చెప్తున్నావని అడగొచ్చు. జహీరాబాదు నుంచి న్యాల్‌కల్ పోయే బస్సు అప్పుడే మా ఊరి మూలమలుపు దగ్గర హారన్ కొట్టింది. ఆ బస్సు పదికి వచ్చేది. ఆ హారన్, తడి మోకు గోడకు రాసుకుంటూ పైకి పోయిన చప్పుడు, రెండూ నాకు ఒకేసారి వినబడ్డాయి. ఇప్పటికీ ఒకేసారి వినబడతాయి.

మేము అడుగున ఎందుకున్నామో ముందు చెప్పాలి. మా ఊరికి తాగేనీళ్ల బావి ఒక్కటే. మాది ఎర్రమట్టి నేల, ఏడాది తిరిగేసరికి బావిలో పూడిక చేరేది. వాన పడకముందే, రోహిణి కార్తెలోనే దాన్ని తీయాలి. దిగేది మా మాదిగవాడ మగవాళ్లు. మా తాత దిగాడు, మా నాయిన దిగాడు, నేను దిగాను. పైన మోకు పట్టేది, బురద గంపలు లాగేది ఊరివాళ్లు. ఊట తగిలాక పైకి పోయే మొదటి బొక్కెన పోలీసు పటేలు ఇంటిది. మేము పైకి వచ్చిన తరువాత ఇంటికో సోలెడు జొన్నలు మా గోనెలో పోసేవాళ్లు. ఆ వెంటనే బావిలో పసుపు కలిపి, వేపాకు వేసి, శుద్ధి అయిందనేవాళ్లు. ఆ పసుపు దేనికోసమో మాకు తెలుసు. మా కాళ్ల కోసం.

మరునాటి నుంచి ఆ బావి గట్టు ఎక్కడానికి మాకు లేదు. మా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గట్టుకు ఎడంగా నిలబడాలి. ఎవరికైనా మనసు పుడితే పైనుంచి పోస్తారు. పుట్టకపోతే ఎండలో నిలబడి నిలబడి ఇంటికి రావాలి. మా కాళ్లు ఆ నీళ్ల అడుగుదాకా పోవచ్చు, మా బొక్కెన మాత్రం పైన తేలే నీళ్లకు తగలరాదు. దీనికి అర్థం చెప్పగలిగినవాడు నాకు ఇంతవరకు కనబడలేదు. పటేలును అడిగితే, అనాదిగా ఉందన్నాడు. పట్వారిని అడిగితే, ఎదురు మాట్లాడడం ఎవరు నేర్పిన్రని అడిగాడు.

కరువు వచ్చినప్పుడు సర్కారుకు మేము గుర్తొచ్చాం. మా వాడ నడుమ, మేము ఆదివారం ప్రార్థన చేసుకునే రేకుల గుడి ముందు బోరింగు వేశారు. వేసినరోజు సమితి ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చి, ఇక మీరు ఎవరినీ బతిమిలాడే పనిలేదన్నాడు. మేము చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మా ముసలివాళ్లు ఆ ఇనుప చేతికి బొట్టు పెట్టబోతే పాస్టరు వద్దన్నాడు. వాళ్లు ఆయన పోయాక పెట్టారు.

బోరింగు ఒక వానకాలం, ఒక చలికాలం నడిచింది. తరువాత చేయి ఎంత ఊపినా దగ్గు తప్ప నీళ్లు రాలేదు. అప్పుడు మళ్లీ మా ఆడవాళ్లు బావి దగ్గరికి పోయి, ఎప్పటిలాగే ఎడంగా నిలబడ్డారు. గట్టుమీది ఆడవాళ్లు నవ్వారు.

"మీకు సర్కారు బోరింగుంది గద. మా బావికాడ ఏం పని?"

"అది పాడైంది అక్కా."

"పాడైతె సర్కారునే అడుగున్రి. మీ అల్లుడే గద."

అంతకుముందు బిందెకు బిందె దొరకకపోయినా, పూటకు ఒకటైనా పోసేవాళ్లు. బోరింగు వచ్చాక అదీ పోయింది. ఆ దయ నాకు అక్కరలేదు, దాన్ని తలచుకుని నేను ఏడ్వడం లేదు. జరిగింది చెప్తున్నాను. సర్కారు మాకు నీళ్లు ఇచ్చాననుకుంది. నిజానికి ఊరివాళ్లకు ఒక సాకు ఇచ్చింది.

జహీరాబాదులో సమితి ఆఫీసుకు ఎన్నిమాట్లు తిరిగానో నాకే తెలియదు. చెరుకు కొట్టే పని ఎగ్గొట్టి, లారీ వెనక ఎక్కి పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా ఒక్కో మాట. ఒకరోజు మెకానిక్కు సెలవులో ఉన్నాడు. ఒకరోజు మెకానిక్కు ఉన్నాడు, పైపులు లేవు. ఒకరోజు ఇద్దరూ ఉన్నారు, జీపులో డీజిల్ లేదు. అక్కడి గుమస్తా చివరికి నన్ను చూడగానే, "వచ్చినవా అల్లుడా" అనడం మొదలుపెట్టాడు. ఊళ్లో సర్కారు మా అల్లుడు, ఆఫీసులో నేను వాళ్ల అల్లుణ్ణి. బిందె మాత్రం ఖాళీ.

ఆ ఎండాకాలం నా భార్యకు ఏడో నెల. ఆమెది బీదరు దిక్కు ఊరు, కోపం వస్తే నోట కన్నడం వచ్చేది. వాగులో చెలిమ తోడి, గిన్నెతో ముంచి, బిందె నింపుకుని కోసు దూరం నడిచి వచ్చేది. పూడిక తీసే రోజుకు రెండు రోజుల ముందు వాగు దగ్గరే కళ్లు తిరిగి పడింది. మంత్రసానిగా చేసే మా పెద్దమ్మ ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి చూసి నాతో అన్నది: "ఇగ బరువు మోస్తె బిడ్డ నిలువదు. నీ ఇష్టం."

నీ ఇష్టం అంటే? నా ఇష్టం ఏముంది అందులో? ఊరి నడుమ నీళ్లున్నాయి. వాటిని తేవడానికి నా భార్య వాగుకు పోవాలి, లేకపోతే కూలి మానుకుని నేను పోవాలి. కూలి మానుకుంటే తిండి లేదు. అదీ మా ముందున్న ఇష్టం.

శుక్రవారం పొద్దున్నే నేను, మా తమ్ముడు, మా మేనమామ స్నానం చేసి దిగాం. స్నానం చేయకుండా దిగనివ్వరు. బురద తీస్తూ తీస్తూ పోతే, ఎండ బావి నోట్లోకి తొంగిచూసే వేళకు మామ గడ్డపార కింద ఊట తగిలింది. చల్లగా, సన్నగా, పసిబిడ్డ చిటికెనవేలంత ధార. మామ దాని మీద అరచేయి పెట్టి నవ్వాడు. పైనుంచి పటేలు అరిచాడు.

"తగిలిందారా?"

"తగిలింది పటేలా."

"అయితె మొదటి బొక్కెన పంపు. తేటగ పంపు."

నేను తల ఎత్తి చూశాను. బావి నోరు గుండ్రంగా, తెల్లగా ఉంది, చుట్టూ తలలు. అందులో నా భార్య తల లేదు. గట్టు మీద లేదంటే ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ఎడంగా, చింతమొద్దు దగ్గర, రెండు ఖాళీ బిందెలతో. పూడిక తీసినరోజు మనసు కరిగి ఎవరైనా పోస్తారని ఆశ పడి వచ్చింది.

నేను ముందుగా ఏమీ అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"పటేలా, మొదటి బొక్కెన నా పెండ్లాం బిందెల పోయున్రి. నిండు మనిషి."

పైన నవ్వులు. పటేలు కూడా నవ్వాడు, నేను వేళాకోళం ఆడాననుకుని.

"పోస్తలేనార? నువ్వు ఎక్కినంక చూద్దం."

"పొయ్యుడు గాదు పటేలా. ఆమెనే గట్టెక్కి చేదుకుంటది. ఇయ్యాలకెల్లి మావోళ్లందరు చేదుకుంటరు."

నవ్వు ఆగిపోయింది. పట్వారి గొంతు వినబడింది. "క్రీస్తు దేవున్ని మొక్కుతున్నరు గద. నీళ్లు ఆయన్నే అడుగున్రి."

"మీ దేవుడు మిమ్ముల పూడిక తియ్యమంటలేడు గద అయ్యా," అని మామ కింది నుంచి అన్నాడు. మామ నోరు అట్లాంటిది. భయం వేసినప్పుడే ఎక్కువ మాట్లాడతాడు.

పటేలుకు కోపం ముంచుకొచ్చింది. "అరేయ్, కొవ్వెక్కిందిర మీకు! ఉండున్రి అండ్లనే! ఎట్లెక్కుతరో చూస్త!" అన్నాడు. మోకు పైకి పోయింది. బస్సు హారన్ వినబడింది.

ఇప్పుడు వాళ్ల తెలివి చూడండి. మమ్మల్ని శిక్షించాలని మోకు లాగారు. మమ్మల్ని ఉంచింది ఎక్కడ? వాళ్లు తాగే నీళ్లలో. ఊట ఆగుతుందా? మడమ మునిగింది, పిక్క మునిగింది. ముగ్గురు మాదిగలు ఊరి తాగేనీళ్లలో నిలబడి ఉన్నారు, నీళ్లు వాళ్ల కాళ్ల చుట్టూ పెరుగుతున్నాయి. పూడిక తీసేటప్పుడు మా కాళ్లు పనిముట్లు. పని అయిపోయాక అవే కాళ్లు మైల. ఆ సంగతి పైన ఎవరికి ముందు తట్టిందో తెలియదు, చాలాసేపటికి పటేలు తల్లి గొంతు వినబడింది.

"ఓరి మీ తెలివి బుగ్గిగాను, నీళ్లు నిండుతున్నయి గదర! పైకి గుంజున్రి వాళ్లను!"

మోకు మళ్లీ దిగింది. మా తమ్ముడు నా ముఖం చూశాడు. నేను మోకును గోడవైపు నెట్టేశాను.

"ఎక్కున్రి," అన్నాడు పటేలు.

"ఎక్కం," అన్నాను.

"ఇక్కడ సల్లగుంది పటేలా. మీద ఎండ బాగున్నట్టుంది. మాకేం తొందర లేదు," అన్నాడు మామ.

తిట్టారు. బతిమిలాడారు. ఒక పెంకు వేశారు, అది మా తమ్ముడి భుజానికి తగిలి నెత్తురు వచ్చింది. నెత్తురు నీళ్లలో కలిసేసరికి గట్టు మీద ఇంకో గోల. ఆ తరువాత ఎవరూ ఏమీ వేయలేదు. పటేలు ఒక మనిషిని సైకిల్ మీద జహీరాబాదు పంపించాడు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే జీపు చప్పుడు వినబడింది. తహసీల్దారు, ఒక పోలీసు జవాను, డ్రైవరు. ఒక ఎండాకాలమంతా బోరింగు కోసం తిరిగితే డీజిల్ లేని సమితి ఆఫీసు జీపే అది. మేము బావిలో నిలబడ్డామని చెప్పగానే పరుగెత్తుకొచ్చింది. మాకు దాహం వేస్తే రాని సర్కారు, వాళ్ల నీళ్లకు మైల తగిలితే వచ్చింది. సర్కారుకు కాళ్లు లేవని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఉన్నాయి. మావైపు నడవవు, అంతే.

తహసీల్దారు బావిలోకి వంగి, మెత్తగా మాట్లాడాడు. పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడేవాడు.

"చూడండి, ఇది సాంఘిక సమస్య. తరతరాల ఆచారం. మనుషుల మనసులు నిదానంగా మారాలి. ప్రభుత్వం బలవంతంగా మార్చలేదు. మీరు పైకి రండి. మీ వాడకు కొత్త బోరింగు మంజూరు చేయిస్తాను."

"పాతదాన్ని ఎవరు చేస్తరు సారు?" అన్నాను.

"అదీ చూద్దాం."

"కొత్తది వద్దు, పాతదీ వద్దు. ఈ బావిల మేం చేదుకోవచ్చని ఒక్కమాట చెప్పున్రి. చట్టమున్నదంటరు గద."

"ఉంది. చట్టం ఉంది. కాని..."

ఆ 'కాని' దగ్గర ఆయన తల పక్కకు తిరిగింది. పటేలుతో గొంతు తగ్గించి మాట్లాడాడు. బావి ఎట్లాంటిదో ఆ సారుకు తెలియదు. గట్టు మీద గుసగుస పెడితే అడుగున చెవిలో పెట్టినట్టే వినబడుతుంది. "ముందు వాళ్లను ఎట్లాగైనా పైకి రప్పించండి. ఆ తరువాత మీ ఊరి సంగతి మీరు చూసుకోండి. నాకు పైవాళ్లకు గొడవ అని రాయాల్సిన పని పెట్టకండి," అన్నాడు. మామ కూడా విన్నాడు.

నేను గొంతు చించుకుని అరిచాను. ఆయన్ను కాదు, నా భార్యను. ఇట్లా ఉంది సంగతి, వాళ్లు చెప్పరు, నువ్వే రా అన్నాను.

ఆ తరువాతిది నేను చూడలేదు. చూసినవాళ్లు చెప్పింది, నేను విన్నది కలిపి రాస్తున్నాను. ఆమె చింతమొద్దు దగ్గరి నుంచి కదిలింది. కడుపు, రెండు బిందెలు. జనం తప్పుకోలేదు. ఆమె ఆగలేదు. తగిలితే మైల అని వాళ్లే జరిగారు. గట్టు ఎక్కి బిందెలు దించింది. పటేలు మనిషి ఒకడు కర్ర ఎత్తాడు. జవాను తహసీల్దారు ముఖం చూశాడు, ఆపమంటాడా వద్దంటాడా అని. తహసీల్దారు ఏమన్నాడు?

"డ్రైవర్, జీపు నీడలో పెట్టు."

అని జీపు వైపు నడిచాడు.

నా భార్య కన్నడంలో ఏదో గట్టిగా అన్నది. నాకు కిందికి వినబడింది. "ఇదే నీర్ బేకు!" ఈ నీళ్లే కావాలని. జవాను, ఏమంటున్నదని అడిగాడట. ఎవరూ చెప్పలేదట. గిరక తిరిగింది. ఊరి బొక్కెన, ఊరి చేంతాడు, పైన నా భార్య చెయ్యి. బొక్కెన నా దగ్గరికి వచ్చింది. నేను దోసిళ్లతో నింపాను. బొక్కెన నిండా మునిగేంత నీళ్లు ఇంకా లేవు, అందుకు. ఏడో నెల మనిషి నిండు బొక్కెన లాగడమని నా ప్రాణం కొట్టుకుంది, కానీ దాన్ని ఇంకొకరు లాగితే లాభం లేదు. సగమే నింపాను. అది పైకి పోయింది. బిందెలో నీళ్లు పడిన చప్పుడు వినబడింది.

కర్ర ఎత్తినవాడు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదు? మనసు మారిందా నిదానంగా? లేదు. ఇరవై అడుగుల దూరంలో టోపీ పెట్టుకున్న జవాను నిలబడి ఉన్నాడు. వాడు మా పక్షం కాదు. వాడు ఏ పక్షమూ కాదు, నిలబడ్డాడు, అంతే. ఆ మాత్రానికే ఎత్తిన కర్ర ఆగింది. ఇది నేను నా జన్మలో మరచిపోలేదు. పూడిక తీయడానికి మాకు సర్కారు అక్కరలేదు, మా చేతులున్నాయి. నీళ్లు తోడడానికి అక్కరలేదు. మా మీదికి లేచే కర్రను ఆపడానికి మా చేతులు చాలవు. దానికే సర్కారు కావాలి. వాళ్లు ఆ పని తప్ప అన్నీ చేస్తామంటారు. బోరింగు ఇస్తాం, బోర్డు పెడతాం, ట్యాంకరు పంపుతాం. నిలబడమంటే జీపు నీడలోకి పోతారు.

అట్లా సగం సగం బొక్కెనలతో ఆమె ఒక బిందె నింపుకుని దిగాక మేము మోకు పట్టుకుని ఎక్కాం. ఆ సంవత్సరం జొన్నలు ఎవరూ పోయలేదు.

కథ ఇక్కడ ఆగితే మేము గెలిచామని మీరు సంతోషపడేవాళ్లు. ఊరు ఆ రోజు నుంచి ఆ బావి నీళ్లు మానేసింది. పసుపు వేసినా పోని మైల అన్నారు. ఎవరి పొలం బావి నుంచి వాళ్లు తెచ్చుకున్నారు. వానకాలం నడిమికి సమితి ఆఫీసు కదిలింది. మెకానిక్కుకు సెలవు లేదు, పైపులున్నాయి, డీజిల్ ఉంది. ఊరి నడుమ, పటేలు ఇంటి ముందు, కొత్త బోరింగు పడింది. మా బావి దగ్గర మాత్రం ఒక రేకు బోర్డు పాతారు, కులభేదం లేకుండా అందరూ వాడుకోవచ్చని. అప్పటికి అందరూ అంటే మేమే. మాకు చదువు రాదు. మా మేకలు దానికి వీపు రుద్దుకునేవి.

తహసీల్దారు సమస్య పరిష్కారమైందని పైకి రాశాడని విన్నాను. అయింది మరి. ఒక ఊరికి రెండు నీళ్లు చేశారు. మధ్యన ఉన్న గీతను చెరపమని అడిగితే, దానికి అటొక పైపు ఇటొక పైపు వేసి గట్టి చేశారు. సర్కారు సొమ్ముతో.

నా భార్యకు కాన్పు మంచిగా అయింది, ఆడపిల్ల. ఆ బావి నీళ్లతోనే స్నానం పోశారు. పూడిక ఆ తరువాత కూడా ప్రతి రోహిణికి మేమే తీశాం. మోకు పట్టడానికి ఊరివాళ్లు రాలేదు. మా ఆడవాళ్లు పట్టారు.

పాస్టరు పైకి అర్జీ పెట్టాడు. కొన్నాళ్లకు ఇంకో పెద్ద అధికారి విచారణకు వచ్చాడు. మోకు లాగారా అంటే, ఎవరూ లాగలేదన్నారు. కర్ర ఎత్తారా అంటే, ఎవరూ ఎత్తలేదన్నారు. అసలు ఆ రోజు బావి దగ్గర ఎవరున్నారంటే, ఎవరూ లేరు. ఊరు ఊరంతా ఆ శుక్రవారం ఎక్కడికో పోయింది. మా ముగ్గురి మాట, మా ఆడవాళ్ల మాట లెక్కకు రాలేదు.

ఎనభైలలో మా వాడ రేకుల గుడిలో వయోజనుల బడి పెట్టారు. ఊరి బడిపంతులే సాయంత్రం పూట వచ్చేవాడు. సర్కారు మా వాడకు రోజూ నడిచి వచ్చింది నాకు తెలిసి ఆ ఒక్క విషయంలోనే. వాన పడినా వచ్చేవాడు. ముద్దకట్టిన నా వేళ్లను పట్టుకుని దిద్దించాడు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. ఒకరోజు పలక పక్కన పెట్టి అడిగాను.

"సారూ, పూడిక నాడు మీరు గట్టు మీదున్నరు గద. విచారణల ఎందుకు చెప్పలే?"

"నేను ఆ రోజు ఊళ్లో లేను. జీతం కోసం జహీరాబాదు పోయిన," అన్నాడు. పలక మీదికి చూస్తూ అన్నాడు.

ఈమధ్య మా మనవలు వాదించుకుంటారు. ఒకడు అన్నీ సర్కారే చేయాలంటాడు, ఇంకొకడు సర్కారు దేంట్లోనూ వేలు పెట్టవద్దంటాడు. నన్ను అడిగితే, నేను ఆ శుక్రవారం సంగతి చెప్తాను. విని, తాతా అక్కడ ఎవరెవరు ఉన్నారని అడుగుతారు. ఎవరూ లేరని సర్కారు కాగితాల్లో ఉంది. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను.

బావి అడుగున నేను, భుజం పగిలిన మా తమ్ముడు, మా మేనమామ. చింతమొద్దు దగ్గర మా పెద్దమ్మ, వాడలోని మిగిలిన ఆడవాళ్లు. గట్టు మీద పోలీసు పటేలు, పటేలు తల్లి, పట్వారి, కర్ర ఎత్తిన పటేలు మనిషి, పెంకు వేసినవాడు, వాడి అన్న, మోకు పట్టిన రైతులు నలుగురు, మా ఆడవాళ్లను చూసి నవ్వే ఆడవాళ్లు. గట్టు కింద పోలీసు జవాను. జీపులో డ్రైవరు, జీపు నీడలో తహసీల్దారు. గిరక దగ్గర నా భార్య, ఆమె కడుపులో నా బిడ్డ.

గట్టుకు ఆ చివర, తెల్ల ధోవతిలో, చేతులు వెనక్కు కట్టుకుని బడిపంతులు. నేను పైకి ఎక్కి వచ్చినప్పుడు మొట్టమొదట కనబడింది ఆయన ముఖమే. ఉన్నారు సారూ మీరు. మీరు దిద్దించిన అక్షరాలతోనే రాస్తున్నాను.